మహారాణికి ఏడు చలికాలాలు

మా జోర్యా ఊళ్ళో ఎవరినైనా ఆపి ఇక్కడ చలి ఎంత అని అడిగితే మైనస్ నలభై అంటారు. గర్వంగానే అంటారు. అదే మనిషిని మీ పెరట్లో ఎంత అని అడిగితే మాత్రం గొంతు కాస్త తగ్గించి, "మా పెరడు వేరులెండి" అంటారు.

చెట్లమ్మేవాళ్ళు దేశాన్నంతా చలిని బట్టి అంకెలుగా విడగొట్టారు. అంకె తగ్గేకొద్దీ చలి పెరుగుతుంది. మా ఊరిది రెండు. నర్సరీలో ప్రతి మొక్క మెడలోనూ ఒక చీటీ వేలాడుతూ ఉంటుంది. ఆ మొక్క ఏ అంకె దాకా తట్టుకుంటుందో దాని మీద రాసి ఉంటుంది. రెండో అంకె ఊళ్ళో ఐదో అంకె మొక్క నాటితే ఏమవుతుందో మా ఊళ్ళో పసిపిల్లలకి కూడా తెలుసు. అయినా ఒక్కరి పెరడూ రెండు కాదు. బ్యాంకు డెల్మార్‌ది మూడు, ఎందుకంటే వాళ్ళ గ్యారేజీ గోడ గాలిని ఆపుతుంది. ప్రొకోప్ తాతది మూడున్నర, ఎందుకంటే మరుగుదొడ్డి తొట్టి నేలని వెచ్చగా ఉంచుతుంది. నాదీ మూడే అని నేనూ ముప్పై ఏళ్ళు చెప్పుకున్నాను. ఆ మూడు మీద నమ్మకంతో నాటిన నా ప్లమ్ చెట్టు మూడుసార్లు చచ్చింది. అది చెట్టు తప్పన్నాను.

నెస్టర్ పొదోల్స్కీ తన పెరడు నాలుగున్నర అన్నాడు. ఆ అర ఎక్కణ్ణుంచి వచ్చిందో ఎవరూ అడగలేదు.

నెస్టర్ మా పక్కింటివాడు. నేను స్కూలు బస్సు నడిపి రిటైరైనదాన్ని, పేరు వెర్నా. వాళ్ళ అమ్మాయికి జ్ఞానస్నానం నాడు జ్ఞానమాతగా నిలబడింది నేనే కాబట్టి మొగుడూ పెళ్ళాం ఇద్దరికీ నేను కూమాని. ఉక్రెయిన్ నుంచి వలసొచ్చిన మావాళ్ళల్లో ఆ వరస రక్త సంబంధం కంటే ఒక మెట్టు పైదే. అంటే వాళ్ళింటి వంటగదిలోకి తలుపు తట్టకుండా వెళ్ళే హక్కు, అక్కడ విన్నది బయట చెప్పకూడని బాధ్యత రెండూ నాకున్నాయి. మొదటిది బాగానే వాడుకున్నాను.

నెస్టర్ ముప్పై నాలుగేళ్ళు రైలు పట్టాల పక్కన, రైతుల దగ్గర కొన్న గోధుమని నిలవచేసే గోపురంలాంటి ధాన్యం ఎలివేటర్‌కి ఏజెంటు. గోధుమ గింజ ఒకటి నోట్లో వేసుకుని కొరికి, తేమ ఎంతో, ఏ రకమో చెప్పేసేవాడు. "ఇది మూడో రకం" అన్నాడంటే రైతు తన తల్లికి ఒంట్లో బాగాలేదని చెప్పుకున్నా రెండో రకం అయ్యేది కాదు. మొహమాటం అనేది ఆ మనిషికి ఆ ఎలివేటర్ గుమ్మం లోపల తెలియదు. మా ఊళ్ళో నిజం ముఖం మీద చెప్పే ఒకే ఒక చోటు అది. ఆ తరవాత కంపెనీవాళ్ళు వచ్చి ఆ ఎలివేటర్‌ని ఒక పూటలో కూలగొట్టి, ముక్కలు ట్రక్కుల్లో వేసుకుపోయారు. నెస్టర్ ఆ రోజు కిటికీ దగ్గర కూర్చుని చూశాడు. నెలకల్లా కిటికీ దగ్గరికి రావడం కూడా మానేశాడు.

"పదింటికి లేపితే గోడవైపు తిరుగుతాడు కూమా," అని వాళ్ళావిడ అడెలిన్ నా వంటగదిలో కూర్చుని చెప్పేది. "పదకొండింటికి లేపితే అసలు తిరగడు."

డాక్టరు మాత్రలిచ్చాడు. మాత్రలు సీసాలోనే ఉన్నాయి, నెస్టర్ మంచం మీదే ఉన్నాడు. ఏడాదిన్నర అలాగే గడిచింది. అడెలిన్ ఆ ఏడాదిన్నరలో పదేళ్ళు పెద్దదైంది. నవ్వించబోయి ఇదంతా మొదలుపెట్టాను కానీ, ఆ రోజుల్లో ఆ ఇంటి మెట్లెక్కాలంటే నాకు భయంగా ఉండేది.

ఆ జనవరిలో అడెలిన్ చిక్కుడు గింజల కోసం తెప్పించుకున్న నర్సరీ కేటలాగు పొరపాటున మంచం మీద మర్చిపోయింది. తూర్పున, మాకు మూడు రోజుల రైలు ప్రయాణమంత దూరంలో, ద్రాక్షలు పండే ఊళ్ళో ఉందా నర్సరీ. కేటలాగు అనేది జనవరిలో ఎందుకు పంపుతారో తెలుసా? బయట మంచు కిటికీ సగం దాకా పేరుకుని ఉన్నప్పుడు మనిషి దేన్నైనా నమ్ముతాడు. పద్నాలుగో పేజీలో ఒక ఆపిల్, పేజీ అంచు దాటి బయటికొచ్చేసేంత పెద్దది. దాని మీద నీటిచుక్క. పేరు 'సన్‌సెట్ మెజెస్టీ'. తేనె తీపి, కరకర, రాజసం, ఏ తోటకైనా కిరీటం, గట్టి రకం అని రాశారు. ఎక్కడ గట్టి రకమో రాయలేదు. పేజీ కింద చీమ తలకాయంత అక్షరాల్లో ఐదు అని ఉంది.

నెస్టర్ లేచి కూర్చుని కళ్ళజోడు అడిగాడు. ఏడాదిన్నర తరవాత అతను అడిగిన మొదటి వస్తువు అది. అడెలిన్ తొందరలో కళ్ళజోడు కింద పడేసిందట.

ఏప్రిల్లో, మా ఊరి పద్ధతి ప్రకారం, అతను ముందు ఇర్మా ఫ్రీజెన్ దగ్గరికి వెళ్ళాడు. మా ఊరికి ఎనిమిది మైళ్ళ దూరంలో నర్సరీ ఆవిడది. మెన్నొనైట్ అనే నిష్ఠగల క్రైస్తవ శాఖ మనిషి. అబద్ధం ఆడదు, నవ్వదు, బేరం ఆడితే తలుపు చూపిస్తుంది. ఆవిడ దగ్గర ఆపిల్ రకాలు ఆరే. రెండో అంకెలో ఇరవై ఏళ్ళు బతికి చూపించినవే అమ్ముతుంది. నేనూ ఆ రోజు అక్కడే ఉన్నాను, నాలుగో ప్లమ్ కోసం.

"ఆరున్నాయి మిస్టర్ పొదోల్స్కీ. ఆరూ బతుకుతాయి. ఏది కావాలి మీకు?" అంది ఇర్మా.

"కాయ ఎంతుంటుంది?"

"కోడిగుడ్డంత. పక్క వరసలో క్రాబ్ ఆపిళ్ళున్నాయి, అవి గోలీకాయంత."

"క్రాబ్ ఆపిల్ పేదవాళ్ళ కాయండీ. మా అమ్మ దాంతో జామ్ చేసి చేసి నా చిన్నతనమంతా పుల్లగా గడిచింది. నాకు పిడికిలంత కావాలి."

"పిడికిలంత కావాలంటే కొట్లో దొరుకుతుంది."

"మా పెరడు నాలుగున్నర."

"ఎవరు కొలిచారు?"

"దక్షిణపు గోడ ఉంది. బట్టలారబెట్టే మిషను వేడిగాలి కూడా అటే వదులుతుంది."

"అయితే చలికాలమంతా రాత్రీ పగలూ బట్టలుతుకుతూ ఉండమనండి మీ ఆవిడని," అని ఇర్మా తన పని చూసుకుంది.

నెస్టర్ చెవులు ఎర్రబడ్డాయి. ఆ రోజు నుంచి ఏడేళ్ళు ఇర్మాతో మాట్లాడలేదు. ఇంటికొచ్చి కేటలాగులోని మహారాణికి చెక్కు పంపాడు. మహారాణి అన్నది ఆ 'మెజెస్టీ'కి మేం పెట్టిన పేరు.

మర్నాడు తొమ్మిదింటికి కాఫీ వరసకి వెళ్ళాడు. మా ఊళ్ళో రిటైరైన మగవాళ్ళంతా పొద్దున్నే హోటల్లో ఒక పొడుగాటి బల్ల చుట్టూ చేరి, తోలు డబ్బాలో పాచికలేసి, ఓడినవాడి చేత అందరికీ కాఫీ ఇప్పిస్తారు. ఎవరి గోధుమ ఎలా ఉంది, ఎవరి మోకాలు ఎలా ఉంది అన్నీ అక్కడే తేలతాయి. నెస్టర్ని చూసి అందరూ లేచి నిలబడ్డారు. ఆ మర్యాదకి పొంగిపోయి అతను ఒక మాటన్నాడు. "నా చెట్టు కాసిన ఏడాది చర్చి హాలు విందుకి ఆపిల్ పైలన్నీ నావే. ఒక్కటి కూడా ఇంకొకరు చెయ్యక్కర్లేదు."

అక్టోబర్లో జరిగే ఆ విందు మా ఊరికి పెద్ద పండగ. పిండి అట్టలో ఆపిల్ ముక్కలు పెట్టి కాల్చిన పైలు లేకపోతే అది విందే కాదు. నాలుగు ఊళ్ళ జనం వస్తారు. హాలు వంటగదిలో ఎవరేం తేవాలో రాసే కాగితం ఒకటి గోడకి ఉంటుంది. దాని మీద 'ఆపిల్ పైలు: నెస్టర్ (కాసినప్పుడు)' అని రాసి పెట్టారు. ఆ కాగితం మీద మిగతా పేర్లన్నీ ఏటా మారేవి, కొందరు చచ్చిపోయారు కూడా. ఆ బ్రాకెట్ మాత్రం చెక్కు చెదరలేదు.

మే నెలలో మహారాణి పెట్టెలో వచ్చింది. తడి కాగితంలో చుట్టిన కర్ర ముక్క. నెస్టర్ దాన్ని దక్షిణపు గోడ పక్కన నాటి, పొద్దున్న ఆరింటికల్లా లేచి నీళ్ళు పోసేవాడు. గోడకి ఒకటి, నేలకొకటి, కొమ్మకొకటి మూడు థర్మామీటర్లు కట్టి అంకెలు పుస్తకంలో రాసేవాడు. చలికాలానికి చుట్టూ గడ్డి మోపులు పేర్చాడు. వాటిమీద పాత గోనెపట్టాలు, వాటిమీద అడెలిన్ పెళ్ళినాటి దుప్పటి, లోపల వెచ్చదనానికి క్రిస్మస్ దీపాల తీగ చుట్టాడు. డిసెంబరులో వాళ్ళ పెరట్లోని గడ్డి గుట్ట ఎర్రగా పచ్చగా వెలుగుతుంటే పక్క ఊళ్ళ పిల్లలు బాలయేసు పశువులపాక అనుకుని చూడటానికి వచ్చేవాళ్ళు.

"దుప్పటి పోయిందని బాధ లేదా?" అని అడిగాను అడెలిన్ని.

"దుప్పటి కింద మనిషి లేచాడు కదా కూమా. ఇంక దుప్పటి దేనికి?" అంది.

రెండో వసంతానికి మహారాణి చచ్చింది. నేను గోటితో గీకి చూశాను. పచ్చ లేదు, గోధుమ రంగు పొట్టే. కానీ జూన్లో అడుగు నుంచి ఒక చిగురు ఝుమ్మని లేచింది. ఆపిల్ మొక్కలన్నీ అంటు కట్టినవే కదా. పైన పేరున్న రకం, కింద దాన్ని మోసే పేరులేని మొక్క. ఆ రెంటినీ కలిపిన చోట కణుపులాగా ఉబ్బి ఉంటుంది. చిగురు ఆ కణుపు కింది నుంచి వచ్చింది. పైనున్న మహారాణి పోయింది, కిందనున్న సైబీరియా క్రాబ్ ఆపిల్ ఇప్పుడిక ఎవరినీ మోయక్కర్లేదని హాయిగా లేచింది. చలి దేశంలో పుట్టి పెరిగి ఆ మాత్రం కణుపు చూడలేని మనిషి ఉండడు. గోధుమ గింజ కొరికి జాతకం చెప్పే నెస్టర్ మాత్రం ఆ చిగురు ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఏడ్చేశాడు.

"చూశావా కూమా! చచ్చి బతికింది! నాలుగున్నర అంటే నవ్వారు కదా!"

నేను అడెలిన్ వైపు చూశాను. అడెలిన్ అతని తల మీదుగా నా వైపు చూసి, మెల్లగా అడ్డంగా తలూపింది.

"మొండిదే నెస్టర్," అన్నాను.

తరవాత బట్టలారేసే తీగ దగ్గర అడెలిన్ నా చెయ్యి పట్టుకుంది. "చెప్పకు కూమా. అది తెలిస్తే మళ్ళీ గోడవైపు తిరుగుతాడు. కాయడానికి ఇంకో ఐదారేళ్ళు పడుతుంది కదా. అప్పటి మాట అప్పుడు."

నేను చెప్పలేదు. నేను ఒక్కదాన్నే చెప్పకుండా ఉంటే అది స్నేహం. కానీ కాఫీ వరస మొత్తం పెరట్లోకి వచ్చి ఆ చిగురుని చూసింది, ఆ కణుపుని చూసింది. ఒక్కరూ నోరు మెదపలేదు. మా ఊళ్ళో ఎదుటి మనిషిని కాదనడం అనే అలవాటే లేదు. ఇంటి పైకప్పు ఎగిరిపోయినవాణ్ణి చూసినా, ఇల్లు బాగా గాలాడుతోందని మెచ్చుకుని ముందుకెళతాం. "ఆకు బాగుంది నెస్టర్," అన్నాడు ప్రొకోప్ తాత. "నిటారుగా ఉంది," అన్నాడు డెల్మార్. మర్నాడు తన ఇంట్లోని పాత తివాచీ కూడా తెచ్చిచ్చాడు, చెట్టుకి కప్పమని. నెస్టర్ అటు వెళ్ళగానే బల్ల చుట్టూ నవ్వులే నవ్వులు. మహారాణికి ఈ ఏడు ఏ గౌను, మహారాణికి జలుబు తగ్గిందా అని. పులిసిపోయిన వేళాకోళం, ఏడేళ్ళు నడిచింది. నేనూ నవ్వాను. అడెలిన్ మీద ప్రేమతో మౌనంగా ఉన్నానని అనుకునేదాన్ని కానీ, సగం ఆ నవ్వు కోసమే ఉన్నాను.

ఏటా గడ్డి మోపులు పెరిగాయి, చెట్టు పెరిగింది. అసలైతే సైబీరియాలో ఒంటి మీద నూలుపోగు లేకుండా బతికే చెట్టది. దానికి తివాచీలూ, దీపాలూ, జనవరిలో ఫాదర్ గారి చేత పవిత్రజలం చిలకరింపూ. ఊళ్ళో కొన్ని ముసలి ప్రాణాలకి కూడా అంత వెచ్చదనం దొరకలేదు.

ఏడో చలికాలం దాటాక వచ్చిన వసంతంలో చెట్టు తెల్లగా విరగబూసింది. నెస్టర్ సంతోషం పట్టలేక ఊరంతా చెప్పడానికి వెళ్ళాడు. అడెలిన్ నిచ్చెన పట్టుకుని మా ఇంటికి పరిగెత్తుకొచ్చింది.

"పూలు కోసేద్దాం కూమా. ఒక్కటి కూడా ఉంచొద్దు."

"అన్నీ?"

"కాయకపోతే ఏం కాయో ఎవరికి తెలుస్తుంది? వచ్చే ఏడు మళ్ళీ కోసేద్దాం."

డెబ్భై దాటిన ఇద్దరు ఆడవాళ్ళం నిచ్చెనెక్కి, తేనెటీగల మధ్య పూలు తుంచడం మొదలుపెట్టాం. అరగంటకి ఒక కొమ్మ కూడా పూర్తి కాలేదు. అంతలో కళ్ళజోడు మర్చిపోయానంటూ నెస్టర్ వెనక్కొచ్చాడు.

"ఏం చేస్తున్నారు?"

"పురుగులు ఏరుతున్నాం," అంది అడెలిన్.

అతని కళ్ళు చెమ్మగిల్లాయి. "మీరు దిగండి, పడతారు," అని తనే నిచ్చెనెక్కి సాయంత్రం దాకా లేని పురుగుల్ని వెతికాడు. నాకు సిగ్గేసింది.

కాయలు పడ్డాయి. జులైలో బఠాణీ గింజంత ఉన్నాయి. "పిందెలు కదా," అన్నాడు. ఆగస్టులో గోలీకాయంత అయ్యాయి. "వాన పడితే ఉబ్బుతాయి," అన్నాడు. వాన పడింది. సెప్టెంబరులో అదే గోలీకాయ ఎర్రగా నిగనిగలాడింది. చెట్టంతా గుత్తులు గుత్తులు. విందు మూడు వారాల్లో ఉంది. కాఫీ వరస వంతులవారీగా వచ్చి చూసింది. "రంగు మాత్రం అద్భుతం," అన్నాడు డెల్మార్.

ఒక రోజు నెస్టర్ గుత్తులున్న కొమ్మ ఒకటి కోసి పట్టుకుని నా గుమ్మంలో నిలబడ్డాడు. "ఇర్మా దగ్గరికి తీసుకెళ్తావా కూమా? నేను నడిపితే ఇది పట్టుకోవడానికి చేతులు చాలవు. కాయ ఎందుకు ఉబ్బట్లేదో, ఏ ఎరువు వెయ్యాలో ఆవిడకైతే తెలుస్తుంది."

ఏడేళ్ళ పంతం వదులుకున్నాడంటే లోపల ఎంత కంగారు పడుతున్నాడో అర్థమైంది. ఎనిమిది మైళ్ళూ ఆ కొమ్మని ఒళ్ళో పసిబిడ్డని పెట్టుకున్నట్టు పెట్టుకుని కూర్చున్నాడు. నాకు కారు ఎక్కడైనా ఆగిపోతే బాగుండుననిపించింది. అది ఆగలేదు.

ఇర్మా కొమ్మ తీసుకుంది. ఒక కాయ అడ్డంగా కోసి చూసింది, నాలిక మీద పెట్టుకుంది. "ఎక్కడిది?"

"నాదే. సన్‌సెట్ మెజెస్టీ."

"కాదు మిస్టర్ పొదోల్స్కీ. ఇది సైబీరియా క్రాబ్. మీ ఆపిల్ మొదటి చలికాలమే చచ్చిపోయి ఉంటుంది. కింద అంటు కట్టిన మొక్క ఇది. చిగురు కణుపు కింది నుంచి వచ్చి ఉండాలే?"

నెస్టర్ ఆవిడ చేతిలోంచి కొమ్మ వెనక్కి తీసుకున్నాడు.

"ఎవరూ చెప్పలేదా మీకు?" అని ఇర్మా నా వైపు తిరిగింది. "పక్కింట్లోనే కదా ఉంటారు మీరు?"

నేను నా బూట్ల వైపు చూసుకున్నాను. నెస్టర్ నన్ను చూశాడు. వెనక్కి వచ్చేటప్పుడు కొమ్మ కారు వెనక సీట్లో పడుంది. ఇంటికి వెళ్ళి బూట్లు కూడా విప్పకుండా మంచమెక్కి గోడవైపు తిరిగాడు.

మూడు రోజులు లేవలేదు. అడెలిన్ వంటగదిలో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఏడవలేదు, అది చూడటం ఇంకా కష్టంగా ఉంది. "అయిపోయింది కూమా," అంది. "ఈసారి ఏ కేటలాగూ లేపదు."

నాలుగో రోజు నేను ఆ గదిలోకి వెళ్ళాను. ధైర్యం చెబుదామనుకున్నాను. చెట్టు బాగుంది, జామ్ బాగుంటుంది అనబోయాను.

"మాకు తెలుసు నెస్టర్," అన్నాను.

గోడ వైపు నుంచే అడిగాడు. "ఎప్పట్నుంచి?"

"రెండో వసంతం నుంచి."

"అడెలిన్‌కి?"

"నాకంటే ముందు. నువ్వు మళ్ళీ మంచం పడతావని భయపడి ఊరుకుంది."

"డెల్మార్‌కి?"

"తెలుసు."

"ప్రొకోప్‌కి సరిగ్గా కళ్ళే కనబడవు."

"చేత్తో తడిమి చూశాడు. తెలుసు."

"ఫాదర్ గారికి?"

"పవిత్రజలం చల్లేటప్పుడు ఆయనకి దగ్గొచ్చిందే, గుర్తుందా? అది దగ్గు కాదు."

మంచం కిర్రుమంది. నెస్టర్ ఇటు తిరిగాడు. మూడు రోజుల గడ్డం, దాని వెనక మొహం బీట్‌రూట్ రంగులో ఉంది. నేను రెండడుగులు వెనక్కి వేశాను.

"ఏడేళ్ళు! చచ్చిన చెట్టుకి నా చేత దీపాలు పెట్టించారు! నా బూట్లేవి?"

"కాళ్ళకే ఉన్నాయి," అన్నాను.

అతను హోటల్లోకి అడుగుపెట్టేసరికి పాచికలు బల్ల మీద దొర్లుతున్నాయి. నేను వెనకే పరిగెత్తాను, చూడకుండా ఉండలేక.

"డెల్మార్! నీ తివాచీ! చచ్చినదానికి కప్పుతున్నానని తెలిసే ఇచ్చావా?"

"పాతదే కదా నెస్టర్..."

"ప్రొకోప్ తాతా, నువ్వు నాకు ధాన్యం ఇరవై ఏళ్ళు అమ్మావు. నీ గోధుమ తడిదని నీ మొహం మీద చెప్పానా లేదా?"

"చెప్పావురా. చాలాసార్లు చెప్పావు."

"మరి నువ్వెందుకు చెప్పలేదు?"

"బాధపడతావని," అన్నాడు ముసలాయన.

"బాధపడటం నా పని! దాన్ని మీకెవరు అప్పజెప్పారు?"

నెస్టర్ బల్ల మీద చెయ్యి ఆనించి, ఎలివేటర్ గుమ్మంలో నిలబడ్డప్పటి గొంతుతో చెప్పాడు. "పైలు చేస్తానన్నాను. చేస్తాను. విందు ముందు రోజు పొద్దున్న ఎనిమిదింటికి అందరూ హాలుకి రండి. కత్తులు మీవే తెచ్చుకోండి."

గోలీకాయంత కాయలో నుంచి గింజ తియ్యడం ఎలా ఉంటుందో ఎవరైనా ప్రయత్నించి చూడండి. అలాంటివి మూడు బకెట్లు. ఉడకబెట్టి జల్లెడ పడితే గంటలో అయిపోతుందని అడెలిన్ చెప్పబోయింది. "అవ్వదు," అన్నాడు నెస్టర్. "ఒక్కొక్కటి చేత్తో తియ్యాలి." బ్యాంకు మేనేజరు, హోటలాయన, ఫాదర్ గారు, నేను, పద్నాలుగు మందిమి పొద్దుగూకేదాకా కూర్చున్నాం. నెస్టర్ మా వెనక తిరుగుతూ గిన్నెలోంచి ఒకటి తీసి వెలుతురుకి పెట్టి చూసేవాడు. "గింజ మిగిలింది. మూడో రకం. మళ్ళీ తియ్యి." ఫాదర్ గారికి బొటనవేలు తెగింది. "దగ్గండి ఫాదర్, తగ్గుతుంది," అన్నాడు నెస్టర్. అడెలిన్ పిండి వత్తుతూ వత్తుతూ ఒక్కసారిగా నవ్వింది. ఆ నవ్వు మధ్యలో ఏడుపైంది, ఆప్రాన్‌తో మొహం కప్పుకుంది. ఏడేళ్ళుగా మేం అపురూపంగా కాపాడిన మనిషిని లేపింది మా మంచితనం కాదు, ఒళ్ళు మండటం. అది నాకు కాస్త అవమానంగానే ఉంది.

విందు నాడు హాలు కిటకిటలాడింది. టర్కీ కోడి అయింది, బంగాళాదుంప కూరిన వరేనికి అయ్యాయి, పైలు వచ్చాయి. నెస్టర్ డెల్మార్ పక్కన వచ్చి నిలబడ్డాడు. డెల్మార్ ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాడు. ఎడమ కన్ను దానంతటదే మూసుకుంది.

"ఎలా ఉంది?"

"రంగు..."

"రంగు అడగలేదు."

చుట్టుపక్కల బల్లల మీద చెంచాలు ఆగాయి. డెల్మార్ నీళ్ళు తాగాడు, పెళ్ళాం వైపు చూశాడు, ఇంక దిక్కులేక నిజం చెప్పాడు. "పులుపు నెస్టర్. పళ్ళు జివ్వుమంటున్నాయి. చచ్చేంత పులుపు."

నెస్టర్ తల పంకించాడు. "అవును. మూడో రకమే," అని తృప్తిగా తరవాతి బల్ల దగ్గరికి వెళ్ళాడు. అక్కడ ఇర్మా కూర్చుని ఉంది. ఆవిడ అడక్కముందే చెప్పింది, పై అట్ట బాగుంది, లోపలిది తినదగ్గది కాదని. "కోడిగుడ్డంత కాసేది ఒకటి పక్కన పెట్టండి, మే నెలలో వస్తాను," అన్నాడు నెస్టర్. అలా ప్రతి బల్ల దగ్గరా ఆగి అడిగాడు, ప్రతివాడూ చెప్పాడు. అలవాటు లేని పని కావడంతో కొందరు మరీ ఎక్కువే చెప్పారు. చివరికి నా దగ్గరికొచ్చాడు.

"పులుపు, దానికితోడు గింజలు," అన్నాను. "ఒకటి నా పంటి సందులో ఇరుక్కుంది."

"థాంక్స్ కూమా," అని పక్కన కూర్చున్నాడు. మొహం తేటగా ఉంది. "నువ్వు నిజం చెప్పావు కాబట్టి నేనూ ఒకటి చెబుతాను. నువ్వు ఏటా చేసుకొచ్చే క్యాబేజీ చుట్టల్లో బియ్యం ఉడకదు."

"ఈ ఏడా?"

"ముప్పై ఏళ్ళుగా."

నేను అడెలిన్ వైపు చూశాను. అడెలిన్ తన పళ్ళెంలోకి చూసుకుంది. క్యాబేజీ ఆకులో బియ్యం పెట్టి చుట్టి మగ్గబెట్టే ఆ చుట్టలు ఊరంతా పేరు మోసినవి. ప్రతి పెళ్ళికీ నన్నే చెయ్యమంటారు, ప్రతి పెళ్ళిలోనూ పళ్ళేలు ఖాళీ అవుతాయి. అవి ఎక్కడికి ఖాళీ అవుతున్నాయో ఒక్క రోజూ ఆలోచించలేదు.

మర్నాడు పొద్దున్న మిగిలినదాంట్లోంచి ఒకటి తీసి, నెస్టర్ గింజ కొరికినట్టు నెమ్మదిగా కొరికాను. పంటి కింద బియ్యం కరకరలాడింది. కోపం వచ్చింది, మొహం వేడెక్కింది, తరవాత లేచి కోటు తొడుక్కున్నాను. తొమ్మిది కావస్తోంది. కాఫీ వరసకి వెళ్ళి ఎవరెవరికి ఎప్పట్నుంచి తెలుసో ఒక్కొక్కణ్ణీ అడగాలి.